ఇంకేం మందులు వాడుతున్నవు బిడ్డా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల టీకాలు, గర్భిణుల పరీక్షలు, కుటుంబ నియంత్రణ, టీబీ మందులు అన్నీ చూసుకోవాల్సిన ఉద్యోగం అది. ఇప్పటికీ ఆ ఊళ్ల ఆడపిల్లలు, కొత్తగా చేరిన ఆశా కార్యకర్తలు ఫోన్ చేసి సందేహాలు అడుగుతుంటారు. వాటిలో తరచూ వచ్చేది ఇది: "అక్కా, ఆంటీబయోటిక్ గోలీలు మింగుతున్న. డెబ్బై రెండు గంటల గోలి వేసుకుంటే పనిచేస్తదా?"

ఎక్కువమందికి "పనిచేస్తుంది" అన్నదే సరైన జవాబు. కొద్దిమందికి మాత్రం ఆ జవాబు చెబితే అన్యాయం చేసినట్టే. ఆ కొద్దిమంది ఎవరో గుర్తుపట్టడం ఎలాగో నా ఉద్యోగం నాకు నేర్పింది. నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాను.

1. మామూలు ఆంటీబయోటిక్ వాడుతున్నామని గోలి ఆపొద్దు

గొంతు నొప్పికి అమాక్సిసిలిన్, దగ్గు జ్వరానికి అజిత్రోమైసిన్, మూత్రంలో మంటకు నైట్రోఫ్యూరాంటాయిన్, టైఫాయిడ్‌కు సెఫిక్సిమ్, రక్త విరేచనాలకు మెట్రోనిడజోల్, మొటిమలకు డాక్సీసైక్లిన్. మన మెడికల్ షాపుల్లో రోజూ అమ్ముడయ్యే ఆంటీబయోటిక్‌లు ఇవే. వీటిలో ఏదీ డెబ్బై రెండు గంటల గోలి అని పిలిచే అత్యవసర గర్భనిరోధక గోలి శక్తిని తగ్గించదు.

ఐ-పిల్ అన్నా, అన్‌వాంటెడ్-72 అన్నా, సర్కారు సరఫరా చేసే ఈజీ పిల్ అన్నా లోపలి మందు ఒక్కటే: లెవోనార్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. ఈ మందును 2005 నుంచి మన దేశంలో డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కోవచ్చు. అయిదు రోజుల ఆంటీబయోటిక్ కోర్సు పూర్తయ్యాక వేసుకుందామని ఆగినవాళ్లను చూశాను. కోర్సు పూర్తయ్యేసరికి గోలి గడువు కూడా పూర్తవుతుంది. లేని అడ్డంకిని ఊహించుకుని ఉన్న సమయాన్ని పోగొట్టుకోవడం అది.

2. ఆ భయం ఎట్లా పుట్టిందో తెలిస్తే పోతుంది

మాలా-ఎన్ వంటి రోజువారీ గోలీల్లో రెండు హార్మోన్లు ఉంటాయి. అందులో ఈస్ట్రోజెన్ కొంత భాగం కాలేయం నుంచి పిత్తంతో పాటు పేగుల్లోకి దిగుతుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని విడగొడితే మళ్లీ రక్తంలో కలుస్తుంది. ఆంటీబయోటిక్‌తో ఆ సూక్ష్మజీవులు చస్తే హార్మోన్ తిరిగి రక్తంలోకి చేరదేమోనని 1970లలో డాక్టర్లు అనుమానించారు. ఆ అనుమానమే సలహాగా మారి ఊరూరా పాకింది.

తర్వాత గోలీలు వాడే స్త్రీల రక్తంలో హార్మోన్ ఎంతుందో కొలిచి చూశారు. మామూలు ఆంటీబయోటిక్‌లతో అది చెప్పుకోదగినంత తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ఈ ఆంటీబయోటిక్‌లు వాడేవాళ్లకు గోలీల విషయంలో ఏ ఆంక్షా పెట్టవు. బ్రిటన్ వైద్యులు 2011లో తమ పాత జాగ్రత్తను ఉపసంహరించుకున్నారు. అత్యవసర గోలిలోనైతే ఈస్ట్రోజెనే లేదు. పేగుల నుంచి తిరిగొచ్చే హార్మోన్ మీద అది ఆధారపడదు.

3. గుర్తుంచుకోవలసిన పేరు రిఫాంపిసిన్

ఆంటీబయోటిక్‌లలో నిజంగా అడ్డుపడేది రిఫాంపిసిన్, దాని కుటుంబంలోని రిఫాబుటిన్, రిఫాపెంటిన్. రిఫాంపిసిన్ వాడుతూ గర్భనిరోధక గోలీలు మింగే స్త్రీలకు నెల మధ్యలో రక్తస్రావం అవుతోందని 1971లోనే జర్మనీ వైద్యులు రీమర్స్, యెజెక్ రాశారు. గోలీల హార్మోన్ ఒంట్లో నిలవడం లేదనడానికి అది గుర్తు.

సీజన్ వచ్చినప్పుడు సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద మనుషులను పెంచినట్టు, రిఫాంపిసిన్ కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను పెంచుతుంది. అవి లెవోనార్జెస్ట్రెల్‌ను త్వరత్వరగా అరగదీస్తాయి. గోలి వేళకే మింగినా రక్తంలో అందాల్సినంత మందు అందదు.

మన దగ్గర ఈ మందు ఎవరు వాడుతారు? ముందుగా టీబీ ఉన్నవాళ్లు. మామూలు టీబీ చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు. రిఫాంపిసిన్ ఆరు నెలలూ ఉంటుంది. ఇంట్లో ఒకరికి టీబీ వస్తే మిగతావాళ్లకు రాకుండా వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు ఇచ్చే మందుల్లో రిఫాపెంటిన్ ఉంటుంది. అంటే ఏ జబ్బూ లేని కోడలు కూడా ఈ లెక్కలోకి రావచ్చు. కుష్ఠు మందుల ప్యాకెట్‌లో కూడా నెలకోసారి వేసుకునే రిఫాంపిసిన్ ఉంటుంది.

ఆఖరి గోలి మింగిన రోజుతో దీని ప్రభావం ఆగిపోదు. కాలేయం మామూలు స్థితికి రావడానికి వారాలు పడుతుంది. అందుకే మందు ఆపిన తర్వాత కూడా 28 రోజుల వరకు జాగ్రత్త అవసరం.

4. గోలి కోసం టీబీ మందు ఆపకూడదు

ఈ సంగతి సగం విన్నవాళ్లు వెంటనే అడిగే మాట: "అయితే రెండు రోజులు టీబీ గోలీలు బంద్ పెట్టనా?" వద్దు. రెండు రోజులు ఆపినంత మాత్రాన కాలేయం పాత స్థితికి రాదు, గోలికి మేలు జరగదు. టీబీ మందు మధ్యలో మానేసే అలవాటుతో క్రిములు మాత్రం మందుకు లొంగకుండా తయారవుతాయి. అప్పుడు చికిత్స కష్టమవుతుంది, ఇంట్లో పిల్లలకూ ముప్పే. టీబీ గోలి ఒక్క రోజు కూడా తప్పొద్దు. మార్చుకోవలసింది గర్భం రాకుండా చూసుకునే పద్ధతిని.

5. టీబీ మందు వాడే స్త్రీకి మొదటి దారి కాపర్-టీ

అత్యవసర పద్ధతి అంటే గోలి ఒక్కటే అనుకుంటారు. కలయిక జరిగిన అయిదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే గర్భం రాకుండా ఆపే శక్తి 99 శాతం పైనే. అందులో హార్మోన్ లేదు కాబట్టి రిఫాంపిసిన్ దాన్ని ఏమీ చేయలేదు. సర్కారు దవాఖానల్లో ఉచితంగా వేస్తారు. కాపర్-టీ 380ఏ పదేళ్లు, కాపర్ 375 అయిదేళ్లు పనిచేస్తాయి. వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు.

ఒక మినహాయింపు ఉంది. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్లు కాపర్-టీ వేయించుకోవచ్చు. గర్భసంచికి, దాని చుట్టుపక్కల భాగాలకు టీబీ ఉన్నవాళ్లకు మాత్రం వేయకూడదు. కాబట్టి టీబీ ఎక్కడుందో డాక్టరుకు చెప్పాలి.

కాపర్-టీకి వీలు లేకపోతే రెండో దారి డాక్టరును అడిగి గోలి మోతాదు రెట్టింపు చేసుకోవడం. అంటే 1.5 మిల్లీగ్రాముల గోలీలు రెండు ఒకేసారి మింగడం. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఈ సలహాను స్పష్టంగా ఇచ్చింది. రెట్టింపు మోతాదుతో టీబీ మందు వాడే స్త్రీల రక్తంలో మందు స్థాయి పెరిగిందని 2023లో ప్రచురించిన అధ్యయనం చూపింది. అయితే అక్కడ కొలిచింది రక్తంలోని మందును, ఆగిన గర్భాలను కాదు. అందుకే కాపర్-టీని ముందు చెబుతాను, రెండు గోలీల మాట తర్వాత చెబుతాను.

6. రెండు దాపరికాలు ఒకే ఒంట్లో కలిస్తే నష్టపోయేది ఆ మనిషే

నేను తిరిగిన పల్లెల్లో ఎక్కువ ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. ఒళ్లో చాట, చుట్టూ తునికాకు, పొగాకు ఘాటు. ఇంట్లో ఎవరు దగ్గినా అది పొగాకు దగ్గేనని జరిపేస్తారు. సాంచాల దగ్గర దూదిపొట్టు పీల్చే ఇళ్లలోనూ అంతే. చివరికి టీబీ అని తేలితే మొదటి ఆలోచన మందు గురించి కాదు, అత్తగారింట్లో ఎట్లా దాచాలని. గర్భం రాకుండా వేసుకునే గోలి కూడా దాచుకునేదే.

బీడీలు చుట్టే ఒక కోడలికి టీబీ వచ్చింది. అత్తింటికి తెలియకూడదని తల్లిగారింటి దగ్గరి నుంచే మందులు తెచ్చుకునేది. గల్ఫ్ నుంచి భర్త చుట్టీ మీద వచ్చాడు. జబ్బు తగ్గేదాకా గర్భం వద్దనుకుని టౌనుకు వెళ్లి ఒక షాపులో రెండే మాటల్లో గోలి అడిగి తెచ్చుకుంది. మరునాడు పొద్దున్నే వేసుకుంది. గోలి అమ్మినవాళ్లకు టీబీ సంగతి తెలియదు. టీబీ మందు ఇచ్చేవాళ్లకు గోలి సంగతి తెలియదు. ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఆమెకు నెల తప్పింది.

ఆమె గోలి వేళకే వేసుకుంది. టీబీ మందు ఒక్క రోజు తప్పలేదు. ఆమె వైపు నుంచి ఏ లోపమూ లేదు. లోపం ఆమెను అడగాల్సిన ఇద్దరు అడగకపోవడంలో ఉంది. మామూలు టీబీ మందులు గర్భంతో ఉన్నా వాడవచ్చని డాక్టరు చెప్పాకే ఆమెకు ధైర్యం వచ్చింది, చికిత్స పూర్తి చేసింది. కానీ ఆ నెలల్లో ఆమె పడ్డ దిగులు పడాల్సిన అవసరమే లేదు.

7. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది

అండం విడుదల కాకముందే దాన్ని వెనక్కి జరపడం ఈ గోలి చేసే పని. అండం విడుదలయ్యాక గోలి చేయగలిగేది దాదాపు ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మొదటి 24 గంటల్లో మందు వేసుకున్నవాళ్లలో రావలసిన గర్భాల్లో 95 శాతం ఆగాయి. 25 నుంచి 48 గంటల మధ్య అది 85 శాతం. 49 నుంచి 72 గంటల మధ్య 58 శాతం. డెబ్బై రెండు గంటలంటే మూడో రోజు దాకా ఆగవచ్చని అర్థం కాదు.

వాంతి విషయం కూడా చూసుకోవాలి. గోలి వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకో గోలి వేసుకోవాలి. మెట్రోనిడజోల్, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ కొందరికి కడుపులో తిప్పుతాయి. మామూలు ఆంటీబయోటిక్ వల్ల ఈ గోలికి నష్టం జరిగితే ఈ దారిలోనే జరుగుతుంది. వాటిని అన్నం తిన్నాక, గోలికి కొన్ని గంటల ఎడంతో వేసుకుంటే సరిపోతుంది. డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో మింగాలి.

8. ఫిట్స్ గోలీలను, తామర గోలీలను మరవొద్దు

ఆంటీబయోటిక్ గురించి అడిగేవాళ్లు ఫిట్స్ మందు గురించి అడగరు. కానీ ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ కూడా రిఫాంపిసిన్ లాగే కాలేయాన్ని పరుగెత్తిస్తాయి. ఎప్టాయిన్, గార్డినాల్ వంటి పేర్లతో మన పల్లెల్లో ఏళ్ల తరబడి వాడుతున్నవి ఇవే. వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటామ్ వల్ల ఈ గోలికి ఇబ్బంది లేదు. అయితే వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీకి గర్భం వస్తే బిడ్డకు లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. ఆమె గట్టి గర్భనిరోధక పద్ధతి మీద ఉండి తీరాలి.

హెచ్ఐవీ మందుల్లో ఎఫావిరెంజ్, తామరకు మింగే గ్రీసియోఫుల్విన్ కూడా ఈ జాబితాలోవే. తామర అని సిగ్గుపడి షాపులో చెప్పని గోలి కూడా ఈ లెక్కను మారుస్తుంది. వీటన్నిటికీ జాగ్రత్త అదే: ముందు కాపర్-టీ, కుదరకపోతే డాక్టరు సలహాతో రెట్టింపు మోతాదు.

9. ఇది కడుపు తీసే గోలి కాదు

గర్భం నిలిచాక ఈ గోలి దాన్ని తీయదు, పెరిగే బిడ్డకు హాని చేయదు. గర్భస్రావానికి వాడే మైఫెప్రిస్టోన్, మైసోప్రోస్టాల్ మందుల కిట్ వేరే. దాన్ని డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. షాపులో రెండింటి పేర్లూ దగ్గర దగ్గరగా వినిపిస్తాయి. అందుకే డబ్బా మీద లెవోనార్జెస్ట్రెల్ 1.5 అని ఉందో లేదో చదివి తీసుకోవాలి. చదవడం రాకపోతే చదివించుకోవాలి.

పాలిచ్చే తల్లులు ఈ గోలి వేసుకోవచ్చు. ఒకసారి వేసుకుంటే పిల్లలు పుట్టరన్న మాటలో నిజం లేదు. కానీ ఇది ఆ ఒక్క సందర్భానికే. అదే నెలలో తర్వాత జరిగే కలయికలకు ఇది కాపు కాయదు. అండం వెనక్కి జరిగి ఉంటుంది కాబట్టి ఆ తర్వాతి రోజుల్లో ముప్పు ఇంకా ఉంటుంది. నెలసరి వచ్చేదాకా నిరోధ్ తప్పనిసరి.

10. చుట్టీ తేదీ తెలిసిన రోజే ఏర్పాటు మొదలు కావాలి

దుబాయి, సౌదీ, ఖతర్ వెళ్లిన మగవాళ్లు నెలా రెండు నెలల చుట్టీ మీద వస్తారు. భర్త ఊళ్లో లేని కాలంలో ఆడవాళ్లు రోజువారీ గోలీలు వాడరు, అది సహజమే. అతను వచ్చిన మూడో రోజో నాలుగో రోజో కంగారుగా షాపు వైపు చూస్తారు. కొందరు చుట్టీ ముగిసేదాకా ఈ అత్యవసర గోలితోనే నెట్టుకొస్తారు. మాటిమాటికీ వేసుకుంటే నెలసరి తేదీలు చెదిరిపోతాయి, రోజువారీ పద్ధతి ఇచ్చే భద్రతా దొరకదు.

టికెట్ తేదీ ఫోన్లో తెలిసిన రోజే సబ్‌సెంటర్‌కు వెళ్లాలి. 2017 నుంచి సర్కారు ఇస్తున్న అంతర ఇంజెక్షన్ ఒకటి వేసుకుంటే మూడు నెలలు చూసుకోనక్కర్లేదు. టీబీ మందు వాడుతున్నా అది పనిచేస్తుంది. నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు వేయించుకోవడం మేలు. కాపర్-టీ, నిరోధ్ కూడా టీబీ మందుతో సరిపడతాయి. సరిపడనివి మాలా-ఎన్ వంటి గోలీలు. ఇక్కడ మగవాళ్లకూ ఒక మాట: నిరోధ్ తెచ్చుకునే బాధ్యత మీది. భార్య వాడుతున్న మందుల సంగతి తెలుసుకుని, జబ్బును దాచుకోవలసిన భయం ఆమెకు లేకుండా చేయాల్సిందీ మీరే.

11. మూడు వారాలు చూసి పరీక్ష చేసుకోవాలి

గోలి తర్వాత నెలసరి కొన్ని రోజులు ముందుకో వెనక్కో జరగడం మామూలే. కలయిక జరిగిన మూడు వారాలకూ రాకపోతే మూత్ర పరీక్ష చేసుకోవాలి. ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి వస్తే పరీక్షకు కూడా ఆగకుండా దవాఖానకు వెళ్లాలి.

గర్భం అని తేలితే నాటు మందుల వైపు, చీటీ లేని కిట్ల వైపు పోవద్దు. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. గర్భనిరోధక పద్ధతి విఫలమైతే 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో చట్టబద్ధంగా గర్భస్రావం చేయించుకోవచ్చు. పెళ్లి కాని స్త్రీకి కూడా ఆ హక్కు ఉంది. ఆమె వివరాలు బయటపెట్టడం నేరం. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవలసిన సంగతి. నిజాలు చెప్పి, ఆమె మాటకు విలువ ఇవ్వడం మన పని.

12. అడిగే తీరు ముఖ్యం

"టీబీ ఉన్నదా?" అని కౌంటర్ దగ్గర నలుగురిలో అడిగితే ఎవరూ అవునని చెప్పరు. నేను ఇట్లా అడిగేదాన్ని: "బిడ్డా, నెల రోజుల సంది ఏమన్నా గోలీలు వాడుతున్నవా? మూత్రం ఎర్రగ వచ్చే గోలీలు? ఫిట్స్ గోలీలు? చర్మానికి మింగే గోలీలు?" రిఫాంపిసిన్ వాడేవాళ్లకు మూత్రం నారింజ ఎరుపులో వస్తుంది. అది హాని కాదు, గుర్తు మాత్రమే. జబ్బు పేరు ఎత్తకుండానే అసలు సంగతి ఈ ప్రశ్నతో బయటికి వస్తుంది. పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగితే ఆ మనిషి నిజం చెబుతుంది. పెళ్లయిందా, ఎవరి కోసం, ఎన్నోసారి అన్న ప్రశ్నలు ఎవరూ వేయకూడదు. వాటి జవాబులతో మోతాదు మారదు.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. పల్లె దవాఖానలు ఉన్నాయి, ప్రతి ఊళ్లో ఆశా ఉంది. చెప్పడానికి మనుషులు లేరనే రోజులు పోయాయి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీకి టీబీ మందు మొదలుపెట్టిన రోజే మూడు మాటలు చెప్పాలి: ఈ ఆరు నెలలూ, ఆపైన 28 రోజులూ మాలా-ఎన్‌నూ, ఒక్క అత్యవసర గోలినీ నమ్ముకోవద్దు. కాపర్-టీ గానీ అంతర గానీ నిరోధ్ గానీ వాడు. అవసరం పడితే దాచకుండా మా దగ్గరికి రా. ఇది రెండు నిమిషాల పని. మందు ఇచ్చే ప్రతి ఒక్కరూ, గోలి అమ్మే ప్రతి ఒక్కరూ ఆ రెండు నిమిషాలు ఇవ్వాలని, తమకు ఆ మాట చెప్పని చోట ఆడవాళ్లు ధైర్యంగా అడగాలని నా కోరిక.